యాక్సెస్ ప్రోగ్రాం కస్టమర్‌కి ఇచ్చే ముందు: తాళాలపై అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు, రైస్ మిల్లులకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో (డేటాని టేబుళ్లలో దాచే ఆఫీస్ సాఫ్ట్‌వేర్) ప్రోగ్రాంలు రాసిస్తుంటాను. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టాడు, బాండు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు) మీద ఎంత అప్పు తీసుకున్నాడు, ఫోన్ నంబరేంటి, ఇలా అన్నీ ఒకే ఫైల్‌లో ఉంటాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు "అన్నా, దీనికి లాక్ ఎలా వేయాలి?" అని అడుగుతుంటారు. "దేనికి వేద్దామనుకుంటున్నావు? నువ్వు రాసిన కోడ్‌కా, వాళ్ల డేటాకా?" అని నేను తిరిగి అడుగుతాను. కింద చెప్పే పొరపాట్లన్నీ ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల జరిగేవే.

అపోహ: ఏసీసీడీఈ ఫైల్ (కోడ్ తీసేసి కస్టమర్‌కిచ్చే యాక్సెస్ ఫైల్) చేసి ఇస్తే మొత్తం భద్రం.

వాస్తవం: ఏసీసీడీఈలో వీబీఏ (యాక్సెస్‌లో ప్రోగ్రాం రాసే భాష) సోర్స్ కోడ్ ఉండదు. ఫారాలు, రిపోర్టులు డిజైన్‌లో తెరుచుకోవు. కోడ్‌ని కాపాడుకోవడానికి యాక్సెస్‌లో దీన్ని మించిన దారి లేదు, తప్పకుండా చేయండి. కానీ టేబుళ్ల జోలికి అది పోదు. ఎవరైనా ఖాళీ యాక్సెస్ ఫైల్ ఒకటి తెరిచి ఇంపోర్ట్ కొడితే మీ టేబుళ్లు, క్వెరీలు, మ్యాక్రోలు (వరసగా పనులు చేసే ఆదేశాలు) అందులోకి వచ్చేస్తాయి.

ఇంకో మాట. అసలు ఏసీసీడీబీ ఫైల్‌ని (కోడ్‌తో సహా ఉండే మామూలు యాక్సెస్ ఫైల్) రెండు చోట్ల దాచుకోండి. నాకు తెలిసిన ఒకాయన హార్డ్ డిస్క్ పోయింది, కస్టమర్ల దగ్గర ఏసీసీడీఈలు తప్ప ఏమీ మిగల్లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చి బిల్లు ఫార్మాట్ మార్చాల్సొస్తే, పాపం ఫారాలన్నీ మొదట్నుంచీ మళ్లీ కట్టుకున్నాడు. కస్టమర్ దగ్గరున్న ఆఫీస్ 32 బిట్టా, 64 బిట్టా అన్నది కూడా ముందే కనుక్కోండి. ఒకదానిలో చేసిన ఏసీసీడీఈ రెండోదానిలో తెరుచుకోదు.

అపోహ: నావిగేషన్ పేన్ (ఎడమ పక్కన టేబుళ్ల పేర్లు చూపే భాగం) దాచేసి, షిఫ్ట్ కీ ఆపేస్తే టేబుళ్లు ఎవరికీ కనబడవు.

వాస్తవం: ఒక కోల్డ్ స్టోరేజీ ఓనరు గారి ఎదుటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని, వేరెవరో రాసిచ్చిన ప్రోగ్రాం తెరిచాను. లాగిన్ ఫారం రాలేదు, ఎడమ పక్కన టేబుళ్ల వరస వచ్చింది. అప్పుల టేబుల్ తెరిచి, ఒక బాండు మీద ఉన్న 40,000 పక్కన కర్సర్ పెట్టి 4,000 చేశాను. ఏ హెచ్చరికా రాలేదు, ఎవరు మార్చారన్న ఆనవాలూ మిగల్లేదు. అంకెని వెంటనే వెనక్కి మార్చేశాను గానీ, ఆయన మాత్రం చాలాసేపు మాట్లాడలేకపోయారు.

అలౌ బైపాస్ కీ అనే ప్రాపర్టీని ఫాల్స్ చేస్తే షిఫ్ట్ పనిచేయదు. అయితే వేరే ఫైల్‌లోంచి రెండు మూడు లైన్ల కోడ్‌తో దాన్ని మళ్లీ ట్రూ చేయొచ్చు. గుమాస్తా పొరపాటున టేబుల్ డిలీట్ చేయకుండా ఈ ఏర్పాట్లు బాగా పనికొస్తాయి, అందుకే నేనూ పెడతాను. కావాలని వచ్చేవాణ్ణి మాత్రం ఆపవు. డిజైన్ మెనూలు కనబడకుండా ఏసీసీడీఆర్ అని ఎక్స్‌టెన్షన్ మార్చడమూ అంతే, పేరు వెనక్కి మారిస్తే మామూలు ఫైలే.

అపోహ: బ్యాకెండ్‌కి (టేబుళ్లు మాత్రమే ఉండే ఫైల్‌కి) పాస్‌వర్డ్ ఉంది కాబట్టి టెన్షన్ లేదు.

వాస్తవం: పాత ఎండీబీ ఫైళ్ల (2007కి ముందరి యాక్సెస్ ఫైళ్ల) పాస్‌వర్డ్‌ని క్షణాల్లో బయటికి తీసే టూల్స్ ఎప్పట్నుంచో ఉన్నాయి. 2007లో ఏసీసీడీబీ వచ్చాక పాస్‌వర్డ్ పెడితే ఫైల్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతోంది, ఇది నిజంగా మేలు. చిక్కల్లా ఫ్రంటెండ్‌లో (ఫారాలు, కోడ్ ఉండి, ఆ టేబుళ్లకు లింకయ్యే ఫైల్‌లో) ఉంది. టేబుళ్లు లింక్ చేసినప్పుడు బ్యాకెండ్ పాస్‌వర్డ్ ఆ లింక్ తాలూకు కనెక్ట్ స్ట్రింగ్‌లో ఉన్నదున్నట్టు చేరుతుంది. టేబుల్‌డెఫ్ (కోడ్‌లో టేబుల్ వివరాలు ఉండే చోటు) కనెక్ట్ ప్రాపర్టీని ప్రింట్ చేసి చూడండి, "పీడబ్ల్యూడీ" పక్కన మీ పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా కనిపిస్తుంది. ఇంటి తాళంచెవిని గుమ్మానికే వేలాడదీసినట్టు!

అపోహ: లాగిన్ ఫారం నేనే కట్టాను, యూజర్ల టేబుల్ కూడా ఉంది, ఇక భయం లేదు.

వాస్తవం: ఆ టేబుల్లో పాస్‌వర్డులు మామూలు అక్షరాల్లో ఉంటే దయచేసి ఈ రోజే తీసేయండి. మన వాళ్లు ఒకే పాస్‌వర్డ్ మెయిల్‌కీ, బ్యాంకుకీ కూడా వాడతారు. ప్రతి యూజరుకీ వేరే సాల్ట్ (పాస్‌వర్డ్‌కి చేర్చే యాదృచ్ఛిక అక్షరాలు) కలిపి, హ్యాష్ (వెనక్కి పాస్‌వర్డ్‌గా మార్చలేని గుర్తు) మాత్రమే దాచండి.

అపోహ: పాత డేటా డిలీట్ చేసి కొత్త కస్టమర్‌కి ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: దీన్ని నేనే చేయబోయాను. ఒక మిల్లు ఫైల్ కాపీ చేసి, టేబుళ్లన్నీ ఖాళీ చేసి, ఇంకో మిల్లుకి ఇద్దామని సిద్ధం చేశాను. ఎందుకో అనుమానం వచ్చి హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని ముడి డేటాని ఉన్నదున్నట్టు చూపే టూల్) తెరిచి చూస్తే, డిలీట్ చేసిన రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో చదవగలిగేట్టు ఉన్నాయి. కంపాక్ట్ అండ్ రిపేర్ (ఖాళీ చోటు తీసేసి ఫైల్‌ని మళ్లీ కట్టే యాక్సెస్ ఆప్షన్) చేసేదాకా డిలీట్ అయిన రికార్డులు ఫైల్‌లో మిగిలే అవకాశం ఉంది. ఇప్పుడు కంపాక్ట్‌ని కూడా నమ్ముకోను. కొత్త ఖాళీ ఫైల్ తెరిచి, టేబుళ్లను "డెఫినిషన్ ఓన్లీ" (రికార్డులు లేకుండా నిర్మాణం మాత్రమే) ఆప్షన్‌తో ఇంపోర్ట్ చేసుకుంటాను.

అపోహ: సర్వర్ ఫోల్డర్‌కి పర్మిషన్లు పెడితే ఫైల్ ఎవరూ పట్టుకెళ్లలేరు.

వాస్తవం: యాక్సెస్ బ్యాకెండ్ వాడాలంటే ఆ ఫైల్‌ని చదివే, రాసే హక్కు ప్రతి యూజరుకీ ఇవ్వాలి. ఎవరెవరు వాడుతున్నారో రాసుకునే లాక్ ఫైల్ అక్కడే తయారవ్వాలి కాబట్టి ఫోల్డర్‌లో రాసే హక్కూ ఇవ్వాలి. చదవగలిగినవాడు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోగలడు. డేటా నిజంగా విలువైనదైతే టేబుళ్లను ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కి (మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సర్వర్) మార్చి, విండోస్ లాగిన్‌తో కనెక్ట్ చేయండి. అది ఉచితం. ఫ్రంటెండ్ యాక్సెస్‌లోనే ఉంచుకోవచ్చు. అప్పుడు యూజర్‌కి తను చూడాల్సిన రికార్డులు అందుతాయి తప్ప ఫైల్ చేతికి రాదు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా" అనే ఓనర్లకు నేను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి చెబుతాను. తగిన రక్షణ ఏర్పాట్లు చేయకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు అందులో వీలుంది. రైతు నమ్మి ఇచ్చిన నంబరు, అప్పు లెక్క దళారీ చేతిలో పడితే రైతుకి జరిగే నష్టం ఇంకా పెద్దది.

అపోహ: ప్రోగ్రాం తెరుచుకోకపోతే అన్ని మ్యాక్రోలనూ ఎనేబుల్ చేయమని చెప్పాలి.

వాస్తవం: ఆ ఒక్క మాటతో వాళ్ల కంప్యూటర్ తలుపులన్నీ తెరిచినట్టే. రేపు బయటి నుంచి ఏ యాక్సెస్ ఫైల్ వచ్చినా అందులోని కోడ్ అడ్డూ ఆపూ లేకుండా నడిచే ప్రమాదం ఉంది. ఫ్రంటెండ్‌ని ప్రతి కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఒక్క ఫోల్డర్‌నే ట్రస్టెడ్ లొకేషన్‌గా (యాక్సెస్ నమ్మి కోడ్ నడపనిచ్చే చోటుగా) చేర్చండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని మాత్రం ఎప్పుడూ చేర్చొద్దు.