కరెంటు దొంగిలించే కణితి

“ఆలోచనలు ఎక్కువైతే మెదడులో గడ్డ పెరుగుతుందట, మా వాడు పదో తరగతి, చదువు తగ్గించమంటారా?” అని ఒక పాఠకురాలు అడిగారు. తగ్గించకండి. అయితే ఈ పుకారుకు తల్లివేరు లాంటి పరిశోధన ఒకటి నిజంగానే ఉంది. పుకారు కంటే అదే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ పరిశోధన మిషెల్ మోంజేది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆవిడ పిల్లల మెదడు కేన్సర్లకు వైద్యం చేస్తారు, ల్యాబులో అవే కేన్సర్లను పెంచి గమనిస్తారు. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే ఆమె దృష్టిని పట్టేసిన జబ్బు డీఐపీజీ అనే మెదడు కణితి. ఊపిరి, మింగడం, కళ్ల కదలిక నడిపించే నరాల తీగలు వెళ్లే, మెదడు కాండంలోని పాన్స్ అనే ఇరుకు చోట, ఎక్కువగా ఆరేడేళ్ల పిల్లలకు వస్తుంది. మెల్లకన్ను వస్తుంది, నడక తూలుతుంది. కేన్సర్ కణాలు మంచి కణాల మధ్య కలిసిపోయి ఉంటాయి కాబట్టి కోసి తీయడం కుదరదు. రేడియేషన్ కొన్ని నెలలు ఆపుతుంది, అంతే. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నారి కూతురు 1962లో పోయింది మెదడు కాండంలో వచ్చిన కణితితోనే. ఆ తర్వాత అర్ధ శతాబ్దం గడిచినా చికిత్స అక్కడే ఉండిపోయింది.

ఎందుకంటే పరీక్షించడానికి కణాలే లేవు. చనిపోయిన ఒక బాలుడి కణితిని తల్లిదండ్రులు దానం చేస్తే, మోంజే బృందం ఆ కణాలను గాజుపాత్రలో పెంచి, ఎలుకల్లోకి ఎక్కించి 2011లో ప్రకటించింది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. నాచులో ఉండే, వెలుగు తగిలితే స్పందించే ప్రోటీన్‌ను ఎలుక నాడీకణాల్లో పెట్టారు. నీలి కాంతి వేస్తే ఆ కణాలు విద్యుత్ సంకేతాలతో టపటపా పేలతాయి, ఎలుక గుండ్రంగా తిరుగుతుంది. పక్కన నాటిన మనిషి కణితి కణాలు చకచకా విభజన చెందాయి! తర్వాత ప్రేరేపించిన మెదడు ముక్కలు నానిన ద్రవాన్ని తీసి కణితి కణాల మీద పోస్తే, అక్కడా అదే జోరు. ద్రవంలో దొరికిన ముఖ్య దోషి న్యూరోలిజిన్-3. నాడీకణాలు ఒకదానికొకటి అతుక్కునే కూడలిలో ఉండాల్సిన ప్రోటీన్ అది. 2015లో ఇది అచ్చయింది. రెండేళ్లకు, ఆ జన్యువే లేని ఎలుకల్లో కణితి పెరగకుండా స్తంభించిందని తేల్చారు.

2019లో ఇంకో మెట్టు. నాడీకణాలు కణితి కణాలతో నిజమైన సినాప్సులు, అంటే సంకేతాలు దాటే సంధులు, కడుతున్నాయి! నాడీకణాలు సంకేతంగా వదిలే గ్లుటమేట్ అనే రసాయనం వచ్చి, కణితి కణం మీద దాన్ని అందుకునే ఏఎంపీఏ గ్రాహకాలకు తగులుతుంది, కాల్షియం లోపలికి పోతుంది, పొర విద్యుత్ స్థితి మారుతుంది, విభజన ఊపందుకుంటుంది. జర్మనీలో ఫ్రాంక్ వింక్లర్ బృందం కూడా, పెద్దల్లో వచ్చే గ్లియోబ్లాస్టోమాలో, అదే సమయంలో ఇదే చూసింది. మోంజే, వింక్లర్ ఇద్దరికీ కలిపి 2025లో, మెదడు పరిశోధనకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది.

మన ఊళ్లలో లైను మీద కొక్కెం వేసి కరెంటు లాగేవాళ్లను చూశారుగా, కణితి పని అచ్చం అదే. కొక్కెం కొన్ని కణాలే వేస్తాయి, సన్నటి గొట్టాల్లాంటి దారుల గుండా మిగతావి వాటి నుంచి లాక్కుంటాయి, ఒక గుడిసె నుంచి పక్క గుడిసెకు వైరు వెళ్లినట్టు. పైగా ఈ దొంగ ఊరుకోడు, లైనులోనే వోల్టేజీ పెంచుతాడు: కణితి గ్లుటమేట్ వదిలి చుట్టూ ఉన్న నాడీకణాలను రెచ్చగొడుతుంది, అవి ఇంకా పేలతాయి, అది ఇంకా పెరుగుతుంది. డీఐపీజీ, గ్లియోబ్లాస్టోమా లాంటి, నాడీకణాలకు తోడుండే గ్లియా కణాల తరహా కణితుల్ని గ్లియోమాలంటారు. పెద్దల గ్లియోమాల్లో మూర్ఛలు తరచూ రావడానికి ఇదొక కారణం. (మూర్ఛ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టే అలవాటు ఇప్పటికైనా మానండి. చేతిలోని ఇనుముకీ మూర్ఛకీ ఏ లావాదేవీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ కుక్కకండి, ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి.) కొక్కెం కూడా దొంగ సొంత తయారీ కాదు. నరాల తీగలకు మైలిన్ తొడుగు వేసే కణాల పూర్వరూపాలకు మామూలుగానే నాడీకణాలతో ఇలాంటి సంధులుంటాయి. నాడి ఎంత వాడితే తొడుగు అంత పడుతుంది, నేర్చుకోవడంలో అదొక భాగం. గ్లియోమా ఆ ఏర్పాటును కాజేసింది.

మన పాఠ్యపుస్తకాలు నాడీకణాన్ని ఒక బొమ్మలో, గ్లియాను రెండు మార్కుల ప్రశ్నలో ముగించేస్తాయి. పిల్లలకు ఈ సంబంధం ఎలా తెలుస్తుంది?

లైన్‌మన్‌లా కొక్కెం లాగేద్దామంటే, అదే లైను మీద ఊపిరి నడుస్తోంది. హోంవర్క్ మానినా పాన్స్‌కు సెలవు ఉండదు. అందుకే సంధిని మాత్రం అడ్డుకునే మందు వెతుకుతున్నారు. మూర్ఛకు వాడే పెరాంపనెల్ ఏఎంపీఏ గ్రాహకాలను మూసి ఎలుకల్లో కణితి జోరు తగ్గించింది, మనుషుల్లో పరీక్షలు సాగుతున్నాయి. మందుల షాపులో ఉంది కదా అని తెచ్చుకోకండి.

మోంజే, సహచరులు ఇంకో దారీ తొక్కారు. రోగి రక్తంలోని టీ కణాలను (రోగనిరోధక కణాలు) తీసి, కణితి కణాల మీద దండిగా ఉండే జీడీ2 అనే గుర్తును పట్టేలా మార్చి మళ్లీ ఎక్కించారు. ఇరుకు పాన్స్‌లో వాపు వస్తే ప్రాణానికే ముప్పు, కాబట్టి పిల్లల్ని కళ్లల్లో వత్తులేసుకుని కాచారు. 2024లో ప్రకటించిన ఫలితాల్లో 11 మందిలో నలుగురికి కణితి సగానికి పైగా తగ్గింది, వాళ్లలో ఒకరికి స్కాన్‌లో ఆనవాలే లేకుండా పోయింది. మిగతావాళ్లకు అంత ఎందుకు పనిచేయలేదన్నదే ఇప్పుడు వాళ్ల ముందున్న పని.