మూడేళ్ల ప్రాక్టీసు: మలుపు 2025లో కాదు, 2002లో

కింది కోర్టుల్లో తొలి మెట్టు జడ్జి పోస్టైన జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్లు కోర్టులో ప్రాక్టీసు చేసి ఉండాలన్న నిబంధన మీద న్యాయవాదుల బార్ రూముల్లోనూ లా కాలేజీ హాస్టళ్లలోనూ మళ్లీ వాదన మొదలైంది. 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు న్యాయవాదులకు కొత్తగా చెప్పాల్సింది కాదు. అప్పటికే నోటిఫికేషన్ వచ్చిన నియామకాలను వదిలేసి, ఇకపై వచ్చే వాటన్నిటికీ ఈ షరతు తప్పదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం తేల్చింది. దాన్ని పునఃసమీక్షించాలని పిటిషన్ కూడా పడింది. ఉన్నట్టుండి కొత్త రూలు నెత్తిన వేశారని కుర్రాళ్లు అంటుంటే, పాత రూలే కదా, మేమంతా అలా వచ్చినవాళ్లమేనని సీనియర్లు అంటున్నారు. రెండూ నిజమే. మధ్యలో 2002 మార్చి 21న ఏం జరిగిందన్నది మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

ఈ మూడు మలుపులూ ఒకే కేసులో వచ్చాయి. అది అఖిల భారత జడ్జీల సంఘం 1989లో వేసిన 1022 నంబరు రిట్ పిటిషన్. జడ్జీల జీతాలు, ఇళ్లు, రిటైర్మెంట్ వయసు గురించి మొదలైన ఆ కథ అందరికీ తెలిసిందే. అందులోనే 1993 ఆగస్టులో మూడేళ్ల షరతు పెట్టారు, 2002లో తీసేశారు, 2025లో మళ్లీ పెట్టారు. పుస్తకాల చదువు గానీ, ఉద్యోగంలో చేరేముందు ఇచ్చే శిక్షణ గానీ కోర్టు నడిచే తీరును దగ్గరగా చూసిన అనుభవానికి సాటిరాదని 1993లో కోర్టు అంది. 2025 తీర్పు నిలబడింది ఈ వాక్యం మీదే.

మరి 2002లో ఎందుకు తీసేశారు? మొదటి జాతీయ న్యాయ వేతన కమిషన్, అంటే జస్టిస్ కె. జగన్నాథ శెట్టి కమిషన్, 1999లో ఇచ్చిన నివేదిక ఆ షరతు వద్దంది. కోర్టు ఒప్పుకుంది. చెప్పిన కారణం ఒక్కటే: మంచి బుర్ర ఉన్న పిల్లలు ఈ ఉద్యోగానికి రావడం లేదు. తెలివైన లా గ్రాడ్యుయేట్ మూడేళ్లు ప్రాక్టీసు చేశాక, అంతో ఇంతో సంపాదన మొదలయ్యాక, మెజిస్ట్రేటు కొలువు కోసం ఎందుకొస్తాడు? అందుకని కాలేజీ నుంచి నేరుగా తీసుకుని, కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు శిక్షణ ఇవ్వమన్నారు.

ఇక్కడే కాస్త ఆగాలి. ఆనాడు ఈ కొలువు ఎవరికీ ఆనకపోవడానికి ముఖ్య కారణం జీతం. ఆ జీతాన్ని సరిచేసింది కూడా ఇదే తీర్పు! శెట్టి కమిషన్ స్కేళ్లను 1996 జూలై 1 నుంచి వర్తించేలా అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. కింది స్థాయి జడ్జికి నెలకు 9,000 రూపాయలతో మొదలయ్యే స్కేలు వచ్చింది. తర్వాత జడ్జీల జీతాల సవరణకు వేసిన జస్టిస్ పద్మనాభన్ కమిటీ సిఫార్సులతో అది 27,700 అయింది. ఆ తర్వాత మన జస్టిస్ పి. వెంకటరామ రెడ్డి అధ్యక్షతన వేసిన రెండో జాతీయ న్యాయ వేతన కమిషన్ 2016 జనవరి నుంచి 77,840 చేయమంది. దానికి 2022లో సుప్రీంకోర్టు ఆమోదం దొరికింది. అంటే రోగానికి మందు వేసిన చేతే, ఆ రోగాన్ని కారణంగా చూపి పథ్యం కూడా మార్చేసింది. జీతం పెరిగాక మూడేళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్లు వస్తారో రారో ఒక్క నోటిఫికేషనైనా చూసి ఉంటే బాగుండేది. చూడలేదు.

అలా తెరిచిన తలుపులోంచి ఒక తరం మొత్తం లోపలికి వచ్చింది. అప్పటికి అయిదేళ్ల లా కోర్సు నిలదొక్కుకుంది, హైదరాబాద్‌లో నల్సార్ లా యూనివర్సిటీ మొదలై నాలుగేళ్లయింది. సీనియర్ ఎవరూ లేని ఇళ్ల నుంచి, నాన్నకు కోర్టంటే సాక్షి బోను మాత్రమే తెలిసిన ఇళ్ల నుంచి పిల్లలు పరీక్ష రాసి జడ్జీలయ్యారు. 2023లో సుప్రీంకోర్టు సొంత పరిశోధన విభాగం వేసిన లెక్కలో జిల్లా న్యాయవ్యవస్థలో మహిళలు 36.3 శాతం. పరీక్ష లేని హైకోర్టు బెంచీలన్నీ కలిపి చూస్తే ఆ అంకె దరిదాపుల్లో కూడా లేదు. పరిచయాల కన్నా పరీక్ష ఎవరికి మేలు చేస్తుందో వేరే చెప్పాలా?

కోర్టు వైపు వాదన కూడా తేలిగ్గా తీసేసేది కాదు. న్యాయవాదిగా బార్‌లో ఒక్క రోజైనా నిలబడని వాళ్లను ఇరవై ఏళ్లుగా జడ్జీలుగా వేసి చూశాం, అనుభవం బాగాలేదని 2025 తీర్పు అంది. అత్యధిక హైకోర్టులు కూడా అదే మాట చెప్పాయి. కుర్చీ ఎక్కిన మొదటి రోజు నుంచే మనుషుల ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి, పరువు చేతిలోకి వస్తాయన్నది వాళ్ల మాట. నిజమే. నిందితుణ్ణి కస్టడీకి పంపమని కోరే రిమాండ్ రిపోర్టు పట్టుకుని పోలీసులు రాత్రి ఇంటికొస్తే ఏం అడగాలో గైడు పుస్తకంలో ఉండదు.

కానీ ఆ మూడేళ్లు ఎలా గడుస్తాయో చూడండి. ఏ జిల్లా కోర్టులోనైనా ఉదయం పదిన్నరకి కాల్ వర్క్, అంటే ఆ రోజు కేసులను వరసగా పిలవడం, మొదలవుతుంది. బెంచ్ క్లర్కు కేసు నంబరు పిలవగానే వెనక వరసలోంచి జూనియర్ లేచి, "మా సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు సార్, పాస్‌ఓవర్ ఇవ్వండి" అంటారు, అంటే కేసును కాసేపాగి మళ్లీ పిలవమని. మళ్లీ పిలిచేసరికి సీనియర్ ఇంకా రాకపోతే వాయిదా తీసుకుని డైరీలో తేదీ రాసుకుంటారు. ఇలాంటివి రోజుకి నాలుగైదు. మధ్యాహ్నం సర్టిఫైడ్ కాపీ కోసం కాపీయింగ్ సెక్షన్ ముందు నిలబడడం, సాయంత్రం ఆఫీసులో కౌంటర్‌కి, అంటే అవతలివాళ్ల పిటిషన్‌కి ఇచ్చే జవాబుకి, టైపింగ్ తప్పులు దిద్దడం. నెలాఖరుకి చేతిలో పడేది చాలాచోట్ల పెట్రోలు ఖర్చే. నగరాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 జూనియర్లకు ఇవ్వండని న్యాయవాదుల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. అది సలహా మాత్రమే, సీనియర్లకు ఆ సంగతి బాగా తెలుసు. అంతకుముందు జూలైలో సుప్రీంకోర్టు న్యాయవాదిగా పేరు నమోదుకు కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజును 750 రూపాయలకి, ఎస్సీ ఎస్టీలకి 125కి కట్టడి చేసింది. లోపలికి వచ్చే ఖర్చు తగ్గింది గానీ లోపల బతికే ఖర్చు తగ్గలేదు. ఇంటి నుంచి డబ్బు రానివాళ్లు ఈ మూడేళ్లూ ఏదో ఒక కంపెనీ లీగల్ సెక్షన్‌లో చేరిపోతారు. అది ప్రాక్టీసు లెక్కలోకి రాదు.

లెక్కలోకి వచ్చేదేమిటో తీర్పులోనే ఉంది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే న్యాయవాదిగా తాత్కాలికంగా పేరు నమోదైన తేదీ నుంచి కాలం మొదలవుతుంది. ఆ తర్వాత న్యాయవాదులు పాసవ్వాల్సిన బార్ పరీక్ష ఒక్కో ఏడాది ఒక్కో నెలలో జరుగుతుంది కాబట్టి ఇది మంచి నిర్ణయమే. జడ్జీల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్నీ కలుపుతారు. కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసరు నేరుగా ఇచ్చే సర్టిఫికెట్ గానీ, పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది రాసిచ్చి ఆ ఆఫీసరు ఎండార్స్ చేసినది గానీ కావాలి. ఎన్ని కేసుల్లో హాజరయ్యారు, ఎంతమంది సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేశారు అన్న గడి అందులో తప్పనిసరి కాదు. కక్షిదారు తరఫున వాదించడానికి సీనియర్ వేసే వకాలత్‌లో కింద ఇంకో పేరు చేర్చడం ఎంతసేపు పని?

ఇంకో ముడి కూడా ఉంది. 2025 అక్టోబరు 9న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం జిల్లా జడ్జి పోస్టుల ప్రత్యక్ష నియామకానికి బార్‌లో గడిపిన కాలాన్నీ జడ్జిగా చేసిన కాలాన్నీ కలిపి ఏడేళ్లుంటే చాలంది. అక్కడా ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయే. అంటే పై మెట్టు దగ్గర జడ్జి కుర్చీలో కూర్చున్న అనుభవం బార్ అనుభవంతో సమానం. కింది మెట్టు దగ్గర మాత్రం ఏడాది శిక్షణ ఇచ్చినా సమానం కాదు. నిజానికి శిక్షణను 2025 తీర్పు ఎత్తేయలేదు. మూడేళ్ల ప్రాక్టీసు తర్వాత, కోర్టు హాలెక్కే ముందు, ఆ ఏడాది కూడా ఉండాల్సిందే.

2025 ఆగస్టులో ఎన్‌రోల్ అయిన అమ్మాయికి మూడేళ్లు 2028 ఆగస్టుకి నిండుతాయి. నోటిఫికేషన్, ప్రిలిమ్స్, మెయిన్స్, వైవా, ఆపైన శిక్షణ అన్నీ దాటి బెంచ్ ఎక్కేసరికి 2030 రావచ్చు. అప్పటిదాకా పొద్దున పదిన్నరకి వెనక వరసలోంచి లేచి పాస్‌ఓవర్ అడగాలి.