చలి దెబ్బ తిన్న చెట్టును ఎప్పుడు కత్తిరించాలి?

2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో దాదాపు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఎప్పుడూ ఉక్కపోతతో ఉండే హ్యూస్టన్ కూడా మైనస్ 10కి దిగింది. టెక్సస్ పెరళ్లలోని నారింజ, నిమ్మ, మందార, కాగితం పూల తీగ, మనవాళ్లు ప్రాణంగా పెంచుకునే కరివేపాకు ఉడికిన ఆకుకూరలా వాడి వేలాడాయి. చూడలేక ఎవరైనా వెంటనే కత్తెర పడతారు. కానీ అప్పుడు కత్తిరించకూడదు.

గడ్డకట్టే చలిలో మంచు సాధారణంగా ముందు కణాల మధ్య ఖాళీల్లో ఏర్పడుతుంది. అది కణంలోని నీటిని బయటకు లాగేస్తుంది. నీరు మరీ తగ్గితే కణం పొర దెబ్బతిని కణం చనిపోతుంది. లేత చిగుళ్లు ముందు పోతాయి, ముదురు కాండం కొంత ఓర్చుకుంటుంది, మట్టి చాటున ఉన్న వేళ్లు చాలాసార్లు బతికిపోతాయి. కొమ్మ ఎంతవరకు చచ్చిందో తేలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా కొన నరికితే కింది మొగ్గలు మేల్కొంటాయి. మరోసారి చలి వస్తే ముందు మాడేది ఆ చిగుళ్లే.

నారింజ జాతి చెట్లలో ఒక మంచి ఆనవాలు ఉంది. ఆకు రాల్చడం బతికున్న కొమ్మ చేసే పని. తొడిమ మొదట్లో కణాలు విడిపోతేనే ఆకు ఊడుతుంది. అందుకే ఆకులన్నీ రాలి బోడిగా నిలిచిన కొమ్మ మీద ఆశ పెట్టుకోవచ్చు. ఎండిన ఆకులు అంటిపెట్టుకునే ఉంటే ఆ రెమ్మ పోయినట్టే. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా అనుకుంటారు. అనుమానముంటే బెరడును గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది.

వసంతంలో కొత్త చిగుళ్లు గట్టిపడ్డాక, పచ్చి కొమ్మ దొరికే చోటికి కోయాలి. అంటు కట్టిన నారింజకు అంటుకు దిగువన లేచే పిలకలను తీసేయాలి, అవి వేరుమూలానివి, అంటే అంటు కట్టడానికి కింద వాడిన వేరే మొక్కవి. మూడేసి రెక్కల ఆకులు కనిపిస్తే అది చాలాచోట్ల వేరుమూలంగా వాడే మూడాకుల నారింజ కావచ్చు. గింజ నుంచి పెరిగిన కరివేపాకుకు ఈ బెడద లేదు. అదీ నారింజ కుటుంబానిదే, పైనంతా ఎండినా వేరు నుంచి వచ్చే పిలక అసలు మొక్కదే.

చిగురు పట్టేదాకా ఎరువు వేయకండి. ఆకుల్లేని చెట్టు నీరు కూడా తక్కువే తాగుతుంది. నీడ పోయి ఎండకు బయటపడ్డ కాండానికి మాత్రం నీళ్లు కలిపిన తెల్ల రంగు పూస్తే బెరడు మాడి చిట్లకుండా ఉంటుంది.