బిజినెస్ చదివి ఫ్యాషన్‌లోకి వచ్చేవారి అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో దుస్తుల డిజైన్, ఉత్పత్తి పని చూసే నా దగ్గరికి బీకాం, బీబీఏ, ఎంబీఏ విద్యార్థులు సలహా కోసం తరచుగా వస్తుంటారు. సొంత లేబుల్, అంటే తమ పేరుతో దుస్తుల బ్రాండ్, పెట్టాలన్నది అందరి కోరిక. చాలామంది తెచ్చే ప్రణాళిక కూడా దాదాపు ఒకటే. దానిని చూసినప్పుడల్లా నాకు ఆందోళన కలుగుతుంది, ఎందుకంటే అందులో పెట్టుబడి అని రాసిన మొత్తం సాధారణంగా తండ్రి పదవీ విరమణ డబ్బో, తల్లి బంగారం మీద తెచ్చిన అప్పో అయి ఉంటుంది.

అపోహ: ఎక్కువ సరుకు ఒకేసారి కుట్టిస్తే ఒక్కోదానికి ఖర్చు తగ్గుతుంది కాబట్టి, మొదటి కలెక్షన్ పెద్దదిగానే ఉండాలి.

వాస్తవం: తరగతిలో నేర్చుకున్న సూత్రం తప్పు కాదు, కానీ అది అమ్ముడుపోయే సరుకుకే వర్తిస్తుంది. ఎనిమిది డిజైన్లు, మూడు రంగులు, ఐదు సైజులు అనుకుంటే 120 రకాలవుతాయి. రకానికి నాలుగు చొప్పున కుట్టించినా 480 కుర్తాలు. ఒక్కోదానికి 900 రూపాయల ఖర్చు వేసుకుంటే 4,32,000 రూపాయలు బీరువాలోకి చేరినట్టే. వాటిలో సగం 1,800 రూపాయల పూర్తి ధరకు అమ్ముడైతే చేతికి వచ్చేది సరిగ్గా అదే 4,32,000. జీఎస్‌టీ, ఫోటోషూట్, కొరియర్, రిటర్నులు అందులోంచే పోవాలి. మిగిలిన సగంలో ఎమ్, ఎల్ సైజులు అయిపోయి, చివరి సైజులే ఉంటాయి. సైజు సెట్ విరిగిన డిజైన్‌ను ఏ షాపువాళ్లూ పూర్తి ధరకు తీసుకోరు.

వరంగల్ నుంచి వచ్చిన ఒక ఎంబీఏ విద్యార్థిని ఇలాంటి లెక్కతోనే, అడ్వాన్సు కట్టడానికి సిద్ధపడి నా ముందు కూర్చుంది. మూడు డిజైన్లకు మాత్రమే శాంపిల్స్ కుట్టించి, తెలిసినవారి చేత రోజంతా తొడిగించి, సగం అడ్వాన్సు తీసుకున్న ఆర్డర్లకే కటింగ్ చేయించమని చెప్పాను. ఆమె ఎంతో ఇష్టపడి వేసిన డిజైన్‌నే అందరూ చంక దగ్గర పట్టేస్తోందని తిరిగి ఇచ్చారు. కటింగ్ మాస్టర్ ప్యాటర్న్ (బట్ట కత్తిరించే నమూనా) సరిచేశాక అదే ఎక్కువగా అమ్ముడైంది. ముందనుకున్నట్టు మొత్తం కుట్టించి ఉంటే, ఆ డిజైన్‌లోని ప్రతి కుర్తా అదే లోపంతో బయటికి వచ్చేది.

చేనేతతో పనిచేయాలనుకునేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి, పడుగు (నిలువు పోగులు) మగ్గం ఎక్కాక రంగు మార్చమని అడిగే వీలుండదు. పైగా ఒక్క పడుగు మీద ఒక్క చీరతో ఆగరు. సొంత డిజైన్ నేయించడం అంటే ఆ పడుగు మొత్తానికి మీరు బాధ్యత తీసుకోవడమే. అందుకే మొదట్లో నిజాం అంచు మంగళగిరి నూలు బట్ట వంటి సిద్ధంగా దొరికే సరుకును తక్కువ మీటర్లలో కొని, మీ కొత్తదనాన్ని కట్‌లోనూ కుట్టులోనూ చూపమని చెబుతాను.

అపోహ: బట్ట, కుట్టుకూలి కలిపి పైన లాభం వేసుకుంటే ధర వచ్చేసినట్టే.

వాస్తవం: శాంపిళ్ల ఖర్చు, పాడైన బట్ట, డిస్కౌంటు, షాపు కమీషన్ కూడా ధరలోనే ఇమడాలి. కుట్టిన దుస్తుల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కోటి 2,500 రూపాయల వరకు 5 శాతం, దాటితే 18 శాతం. ఆ గీతకు కాస్త పైన ధర పెట్టినవారు పన్నుకే ఎక్కువ కడతారు.

అపోహ: బొమ్మ వేయడం రానివారికి, నిఫ్ట్‌లో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థలో) చదవనివారికి ఇక్కడ చోటు లేదు.

వాస్తవం: ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, ఎంతోమంది పిల్లలను అనవసరంగా భయపెట్టింది. అమెరికన్ డిజైనర్ రాల్ఫ్ లారెన్ న్యూయార్క్‌లోని బరూక్ కళాశాలలో బిజినెస్ చదువు మధ్యలోనే వదిలి, 1967లో మెడకు కట్టే టైలతో మొదలుపెట్టాడు. ఇటలీ డిజైనర్ మ్యూచా ప్రాడా డాక్టరేట్ రాజనీతి శాస్త్రంలో. నిఫ్ట్‌లోనే చదవాలనుకుంటే మాస్టర్ ఆఫ్ ఫ్యాషన్ మేనేజ్‌మెంట్‌కు ఏ డిగ్రీ చేసినవారైనా అర్హులే. మీకు బొమ్మ రాకపోతే కొలతలు, ఫోటోలు, బట్ట ముక్కలతో టెక్ ప్యాక్ (కుట్టేవారికి ఇచ్చే వివరాల పత్రం) తయారుచేయడం నేర్చుకోండి. కటింగ్ మాస్టర్‌కు అందమైన స్కెచ్ కన్నా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. అప్పు చేసి మరో డిప్లొమాలో చేరే ముందు, మర్చండైజర్‌గా (ఆర్డర్లు, ఉత్పత్తి సమన్వయం చూసే ఉద్యోగిగా) కొన్నాళ్లు ఉద్యోగం చేసి చూడండి.

అపోహ: డిజైన్‌ను ముందుగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే అది మనదేనని రుజువైపోతుంది.

వాస్తవం: డిజైన్ల చట్టం, 2000 ప్రకారం అప్పటికే బహిరంగమైన డిజైన్‌కు రిజిస్ట్రేషన్ దొరకదు. రిజిస్టర్ చేయించదగినంత విలువైనది మీ దగ్గర ఉందనుకుంటే, దరఖాస్తు చేశాకే ఫోటో బయటపెట్టండి.