'గాన్ విత్ ద విండ్': క్లాసులో నాకు ఎదురయ్యే అపోహలు

అమెరికా అంతర్యుద్ధ కాలంలో బానిసలున్న దక్షిణాది కథ 'గాన్ విత్ ద విండ్' (1939). ఫిల్మ్ అప్రిసియేషన్ క్లాసులో ఈ హాలీవుడ్ సినిమా వేశానంటే చాలు, ఎవరో ఒకరు అనేస్తారు: "ఆ రోజుల్లో నల్లవాళ్ల గురించి అందరూ అలాగే అనుకునేవారు సార్, ఇప్పుడు తప్పుపడితే ఎలా?" వినీ వినీ విసుగొచ్చింది.

ఎవరా అందరూ? నల్లజాతి ప్రేక్షకులు ఆ లెక్కలో లేరా? షూటింగ్ మొదలవకముందే, 1938లోనే, నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ తరఫున వాల్టర్ వైట్ నిర్మాత సెల్జ్‌నిక్‌కి ఉత్తరం రాశాడు. ఇలాంటి ఒత్తిళ్ల వల్లే నల్లవాళ్లను కించపరిచే ఆ తిట్టు స్క్రిప్టులోంచి పోయింది, నవలలోని జాత్యహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ పేరు తెరకెక్కలేదు. రిలీజయ్యాక కొన్ని నగరాల్లో థియేటర్ల ముందు నిరసనలూ జరిగాయి. అంతా తెలిసే, యజమానులూ బానిసలూ ఉన్న ఆ లోకం పోయిందే అని తెర మీద వచ్చే మొదటి అక్షరాల్లోనే నిట్టూర్చింది సినిమా.

"మ్యామీది బలమైన పాత్రే కదా!" బలమైనదే. మ్యామీ అంటే కథానాయిక స్కార్లెట్ ఇంట్లోని బానిస. నడుం బిగించే కార్సెట్ తాళ్లు లాగుతూ స్కార్లెట్‌ని తిండి తినమని గదమాయించే సీన్‌లో, ఆ పాత్ర వేసిన హ్యాటీ మెక్‌డానియల్ ముందు ఎవరూ ఆనరు. కానీ దాదాపు నాలుగు గంటల సినిమాలో మ్యామీకంటూ ఒక ఇల్లూ కుటుంబమూ కనిపించవు. స్కార్లెట్ కూతురు బోనీ చనిపోయాక, ఆ ఇంటి బంధువు మెలనీతో మెట్లెక్కుతూ ఏడుస్తుందే, నటనంటే అదీ! అక్కడ కూడా ఆమె ఏడ్చేది ఆ ఇంటివాళ్ల దుఃఖానికే. వీడియో ఆపి, "ఈమె సొంత బాధ ఎక్కడుందో చూపించండి" అంటాను. ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.

హ్యాటీకి ఆస్కార్ ఇచ్చారుగా అంటారా? 1940లో ఇచ్చారు, అదే హాల్లో ఆమెను వేరే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి. అట్లాంటా ప్రీమియర్‌కి అసలు వెళ్లనే లేకపోయింది, వర్ణవివక్ష చట్టాల పుణ్యమా అని.

బ్యాన్ చేశారన్నది ఉత్త పుకారు. 2020 జూన్‌లో స్ట్రీమింగ్ సర్వీస్ హెచ్‌బీఓ మ్యాక్స్ తీసేసి, అదే నెలలో ముందు ఒక పరిచయం జోడించి తిరిగి పెట్టింది. సినిమాలో కోతలేమీ లేవు.

ఓసారి క్లాసయ్యాక ఒకమ్మాయి టెన్షన్‌గా వచ్చింది. "నాకీ సినిమా చాలా ఇష్టం సార్, తప్పా?" తప్పేంటమ్మా, స్కార్లెట్ మొండితనం నాకూ ఇష్టమే. పురిటి సీన్‌లో బానిస పిల్ల ప్రిస్సీ చెంపదెబ్బ తిన్నప్పుడు జనం ఎందుకు నవ్వుతారో ఈసారి గమనించమన్నాను. మరుసటి క్లాసుకి ప్రిస్సీ గురించే రెండు పేజీలు రాసుకొచ్చి, నాతోనే వాదనకి దిగింది.