వేటదేవుడి లెక్క

మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం, ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మా ఇంటి ముందుగదిలో, ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు లాప్‌టాప్ ముందు చాలాసేపటి నుంచి కదలకుండా కూర్చున్నాడు. ఆట ఆపి ఉంచాడు. తెర మీద రెండు దారులున్నాయి, ఒకటి ఎంచుకోవాలి. వాడికి తోచడం లేదు. "ఏటి చెయ్యమంటావు మావయ్యా?" అని నన్నడిగాడు.

ఆట పేరు ది విచర్ 3. 2015లో వచ్చింది. అందులో స్కెల్లిగే దీవుల్లో ఒక పల్లె ఉంటుంది. ఆ పల్లె పక్క అడవిలో లేషెన్ అనే శక్తి కాపురం ఉంటుంది. తల స్థానంలో జింక పుర్రె, చెట్టు మానులాంటి ఒళ్లు, చుట్టూ కాకులు, తోడేళ్లు. ఊరి పెద్దలు అది మా తాతల నాటి నుంచి అడవిని కాస్తున్న దేవుడంటారు. కుర్రాళ్లు మా వేటగాళ్లని చంపుతోంది, చంపేయండంటారు. ఆడేవాడు ఎవరో ఒకరి మాట వినాలి. చంపాలంటే ఇంకో చిక్కుంది. లేషెన్ ఊళ్లో ఒక మనిషికి గుర్తు పెట్టుకుని ఉంటుంది. ఆ మనిషి ఊళ్లో ఉన్నంతకాలం దాన్ని చంపినా మళ్లీ పుడుతుంది. కాబట్టి ఆ మనిషిని ఊరి నుంచి పంపేయాలి, లేదా చంపాలి.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "ఇది వీళ్లు పుట్టించింది కాదురా, దీని వెనక పెద్ద కథుంది" అన్నాను. వాడికి ఆ రోజు ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ కాస్త వరసలో పెడుతున్నాను.

లేషెన్ అన్న పేరు స్లావుల లేషీ నుంచి వచ్చింది. లేషీ అంటే అడవివాడు. రష్యా పల్లెల కథల్లో అతను మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు, అడవికి యజమాని. వేటకి వెళ్లేవాడు మొద్దు మీద రొట్టె, ఉప్పు పెట్టి వెళ్లేవాడు. పశువుల కాపరి ఎండాకాలం మందని అడవిలోకి తోలే ముందు లేషీతో ఒప్పందం చేసుకునేవాడు. మందని నువ్వు కాపాడు, బదులుగా నేను ఫలానాది మానేస్తాను, ఫలానాది నీకిస్తాను అని. ఒప్పందం తప్పితే ఆవు పోతుంది, ఒక్కోసారి కాపరే పోతాడు. ఆటలో కత్తికి ఎదురొచ్చే పుర్రెతల రాక్షసుడికి పాత కథల్లో ఉన్న అసలు పని ఇదీ: ఇచ్చిపుచ్చుకోవడం చూసుకోవడం.

ఈ దేవుళ్లు ఆటల్లోకి ఎలా వచ్చారో తేదీలతో సహా చెప్పొచ్చు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. కంప్యూటర్ లేదు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ ఆడేది. అందులో పూజారులుంటారు కాబట్టి వాళ్లకి దేవుళ్లు కావాలి. 1976లో దేవతల కోసమే ఒక పుస్తకం వేశారు. ఈజిప్టు, గ్రీసు, కెల్టులు, ఫిన్‌లాండ్, వాళ్లతోపాటు మన ఇంద్రుడూ అగ్నీ కూడా అందులో చేరారు. 1980లో అదే పని ఇంకా పెద్ద పుస్తకంగా వచ్చింది. ప్రతి దేవుడికీ ఎంత బలం, ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడు అని అంకెలు వేశారు. నా లెక్కలో అసలు మార్పు ఇక్కడే జరిగింది. అంతవరకూ దేవుడంటే ఒక ఊరికీ ఒక కొండకీ ఉన్న సంబంధం. అంకె వెయ్యగానే అతను ఏ ఊరికైనా పట్టుకుపోగలిగిన సరుకైపోయాడు.

అలా పట్టుకుపోయిన వాళ్లలో ఇద్దరి గురించి చెప్తాను. ఒకరు సిల్వానస్, రోమన్ల అడవిదేవుడు. పొలం, అడవి కలిసే హద్దు అతనిది. 1987లో అచ్చయిన ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత ప్రపంచంలో అతను ప్రకృతి దేవుడిగా తేలాడు. 2023లో వచ్చిన బల్డర్స్ గేట్ 3లో కూడా కనిపిస్తాడు. అక్కడ అతని విగ్రహం చుట్టూ చేరిన డ్రూయిడ్లు అనే ప్రకృతి పూజారులు, ఇల్లూ వాకిలీ పోయి వచ్చిన వాళ్లని బయటికి నెట్టి, తోపు మొత్తాన్ని ముళ్లతో మూసేసే క్రతువు మొదలుపెడతారు. అసలు రోములో సంగతి వేరు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో కేటో అనే పెద్దమనిషి వ్యవసాయం మీద పుస్తకం రాశాడు. తోపులో చెట్లు పలచన చెయ్యాలంటే ముందు ఒక పందిని బలిచ్చి ఏమని మొక్కాలో అందులో చెప్పాడు. "నువ్వు దేవుడివో దేవతవో, ఈ తోపు ఎవరిదైతే వాళ్లకి" అంటూ మొదలవుతుంది ఆ మొక్కు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, యజమాని ఉన్నారని తెలిస్తే చాలు.

రెండోది మిఎలిక్కి. ఆటల్లో ఈమె రేంజర్లకి, అంటే అడవుల్లో తిరిగే వీరులకి, దేవత, గుర్తు ఒంటికొమ్ము గుర్రం. పుట్టిల్లు ఫిన్‌లాండ్. అడవిరాజు తాపియో భార్య. ఎలియాస్ లన్‌రూట్ పల్లెపాటలు సేకరించి 1835లో ఒకసారి, ఇంకా పెంచి 1849లో మరోసారి అచ్చేసిన కలేవాలా కావ్యంలో ఈమె ఉంది. అందులో వేటగాడు ఈమెని అడిగేది బలం కాదు. "నీ నడుముకున్న బంగారు తాళంచెవులు తీసి తాపియో కొట్టు తలుపు తెరువమ్మా" అని అడుగుతాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. బొడ్లో తాళాల గుత్తి, ఆవిడ తియ్యనిదే ధాన్యం గది తెరుచుకోదు. అడవి కూడా అలాంటి ఒక ఇల్లాలి కొట్టు అన్నమాట.

అదే కావ్యంలో ఇంకో చోటు నాకు బాగా ఇష్టం. కథానాయకుడు వైనమోయినెన్ ఎలుగుబంటిని చంపుతాడు. చంపిన వెంటనే దాంతో మాట్లాడతాడు. నిన్ను నేను పడెయ్యలేదు నాయనా, నువ్వే కొమ్మ మీద నుంచి జారిపడ్డావు అంటాడు. ముద్దుపేర్లు పెట్టి పిలుస్తాడు. ఊరికి అతిథిలా తీసుకొస్తారు. విందయ్యాక పుర్రెని తీసుకెళ్లి చెట్టుకి కడతారు. ఫిన్నుల ఎలుగు విందుల్లో అది నిజంగా జరిగిన ఆచారమే. చంపినవాడి గొంతులో ఆ బుజ్జగింపు చూడండి. అబద్ధం చెప్తున్నాడని వాడికీ తెలుసు, ఎలుగుకీ తెలుసు. తప్పు చేశానన్న భయం ఉంది కాబట్టే ఆ అబద్ధం. ఆటలో ఎలుగుని చంపితే తోలు, మాంసం, కొన్ని అంకెలు వస్తాయి. ఈ భయం మాత్రం రాదు.

ఇక కొమ్ములు. ఏ ఆటలో చూసినా వేటదేవుడికి జింకకొమ్ములుంటాయి. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3లో సెనారియస్ సగం దుప్పి. 2011 నాటి స్కైరిమ్‌లో వేటకి అధిపతి హిర్సీన్. ఆ మాట మేకపోతుకి లాటిన్‌లో ఉన్న పేరు నుంచి వచ్చింది. తెల్ల దుప్పిని చంపితేనే అతను కనిపించి బేరం పెడతాడు: శాపం తగిలిన ఒక మనిషిని వేటాడతావా, వదిలేస్తావా అని.

ఈ కొమ్ముల మూలం వెతికితే దొరికే రాతిముక్క ఒకటుంది. 1710లో పారిస్‌లో నోత్రదామ్ చర్చి కింద తవ్వుతుంటే రోమన్ల కాలపు స్తంభం బయటపడింది. దాని మీద కొమ్ముల తల, పక్కన కెర్నునోస్ అని చదువుకోదగిన పేరు. ఆ పేరు మీద కథ ఒక్కటీ మిగల్లేదు. 1891లో డెన్మార్క్‌లో గుండెస్ట్రప్ దగ్గర వెండి గంగాళం దొరికింది. దాని మీద కొమ్ములున్న మనిషి మఠం వేసుకుని కూర్చుని ఉంటాడు, చుట్టూ జంతువులు. అతనెవరో రాసి లేదు. కథ లేని చోట కథ అల్లడం తేలిక. ఇంగ్లండులో మార్గరెట్ ముర్రే 1921లో, మళ్లీ 1931లో పుస్తకాలు రాసి, యూరప్ అంతటా కొమ్ముల దేవుణ్ణి రహస్యంగా కొలిచిన పాత మతం ఉండేదని వాదించింది. చరిత్రకారులు తర్వాత ఆ వాదాన్ని తోసిపుచ్చారు. అప్పటికే ఆ బొమ్మ జనం మనసులో పడిపోయింది. 1950ల్లో జెరల్డ్ గార్డ్‌నర్ విక్కా పేరుతో తెచ్చిన కొత్త మతంలో చేరింది, అక్కణ్ణుంచి ఫాంటసీ నవలల్లోకీ ఆటల్లోకీ పాకింది. అంటే మనం "అతి పురాతన దేవుడు" అనుకుంటున్న ఆ రూపంలో చాలా భాగం వందేళ్ల నాటిదే.

మనవాళ్లు కొందరు మొహెంజొదారో ముద్రని ఇక్కడికి లాక్కొస్తారు. కొమ్ముల తలపాగా, చుట్టూ ఏనుగూ పులీ ఖడ్గమృగమూ ఎనుబోతూ. 1931లో పురావస్తు శాస్త్రవేత్త జాన్ మార్షల్ దాన్ని పశుపతి అన్నాడు. ఆ లిపి ఇంతవరకు ఎవరూ చదవలేదు. చదవకుండా ఆ గంగాళం బొమ్మకి తమ్ముడనో అన్ననో తేల్చడం నాకు నచ్చదు.

కొమ్ములు చూడాలంటే మల్కనగిరి వైపు, భద్రాచలం వైపు కోయల దగ్గర చూడాలి. కొమ్ముకోయ ఆటలో అడవిదున్న కొమ్ములు తలకి కట్టుకుని, డోలు భుజాన వేసుకుని మగవాళ్లు ఆడతారు. కొమ్ములు పెట్టుకునేది మనిషి. మా సరిహద్దు కొండల్లో దేవుడికి కొమ్ములుండవు, చాలాచోట్ల మొహం కూడా ఉండదు. రాయి ఉంటుంది, చెట్టు ఉంటుంది, కొండే ఉంటుంది.

ఈ కొండల దేవుళ్ల గురించి మాట్లాడాలంటే మా ఊళ్లోనే ఒక పెద్దాయన పని చేసి వెళ్లాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడికి బడిపంతులుగా వచ్చారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా అందరికీ తెలుసు. దానికన్నా ముందే ఆయన ఈ కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాట రాసుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. 1931లో వ్యాకరణం, 1933లో నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. కొండమీది వాళ్ల దేవుణ్ణి తెలుసుకోవాలంటే ముందు వాళ్ల మాట నేర్చుకోవాలన్న బుద్ధి ఆయనకుంది. అంకెలు వేసి పట్టుకుపోవడానికీ దీనికీ ఎంత తేడా.

సవర ఊళ్లలో కందికొత్తల పండగ చేస్తారు. కొత్త కంది పంట దేవుడికి పెట్టకుండా నోట్లో వెయ్యరు. మామిడికీ అలాగే, టెంకల పండగయ్యాకే. చెట్టు నిండా కాయలు వేలాడుతుంటాయి, పిల్లలు చూస్తూ ఉంటారు, ముట్టుకోరు. వేటకీ ఒక రోజుంది. చైత్రంలో కోరాపుట్ కొండల్లో చైత పరబ్ అంటారు, అరకు, పాడేరు వైపు ఇటుకల పండగ. మగవాళ్లు విల్లులు పట్టుకుని అడవికి పోతారు. వట్టి చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం. ఆచారం మిగిలింది, జంతువులు తగ్గిపోయాయి.

మనం పెద్ద దేవుడనుకునే జగన్నాథుడి కథ కూడా వేటగాళ్ల దగ్గరే మొదలవుతుంది. సవర రాజు విశ్వావసు అడవిలో ఒక గుహలో నీలమాధవుణ్ణి రహస్యంగా కొలుస్తుంటాడు. ఇంద్రద్యుమ్న మహారాజు పంపిన విద్యాపతి అతని కూతురు లలితని పెళ్లి చేసుకుని, దేవుణ్ణి చూపించమని పట్టుబడతాడు. కళ్లకి గంతలు కట్టి తీసుకెళ్తారు. అతను దారి పొడుగునా ఆవాలు జారవిడుస్తూ వెళ్తాడు. వానలకి అవి మొలిచి దారి చూపిస్తాయి. ఇక్కడికి వచ్చేసరికి మా మేనల్లుడు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇది పక్కా క్వెస్ట్ కదా మావయ్యా" అన్నాడు. ఆటలో ఆడేవాడికి అప్పగించే పనిని అలా అంటారు. రాజు సైన్యంతో వచ్చేసరికి గుహలో దేవుడు లేడు. మాయమయ్యాడు. తర్వాతే జగన్నాథుడి విగ్రహానికి కావలసిన దారువు సముద్రంలో కొట్టుకొచ్చింది.

పదిహేనో శతాబ్దంలో ఒడియా భారతం రాసిన సారళాదాసు ఇంకో ముడి వేశాడు. కృష్ణుడి పాదాన్ని లేడి అనుకుని బాణం వేసిన జరుడు సవరే. కృష్ణుడి దేహంలో కాలకుండా మిగిలిన శేషమే నీలమాధవుడైంది. చంపినవాడి వంశమే పూజించే వంశమైంది. పూరీ గుడిలో సేవ చేసే దైతాపతులు ఇప్పటికీ తాము విశ్వావసు వంశమంటారు. 1996లో, 2015లో నవకళేబరం, అంటే విగ్రహాలు మార్చే క్రతువు, జరిగినప్పుడు పాత విగ్రహాలని భూమిలో పెట్టి, ఇంట్లో మనిషి పోయినట్టు మైల పట్టింది వాళ్లే. ప్రపంచంలోని ఏ ఆటలోనైనా దేవుడు పోతే మైల పట్టే పాత్ర ఉంటే చూడాలని నాకు కోరిక.

మన పురాణాల్లో వేట ఎక్కడ వచ్చినా వెనకే లెక్క వస్తుంది. శబ్దం విని బాణం వేసిన దశరథుడికి పుత్రశోకం, లేడి రూపంలో ఉన్న మునిని కొట్టిన పాండురాజుకి శాపం. గ్రీకుల్లోనూ అంతే. వేటదేవత ఆర్టెమిస్‌ని చూడరాని వేళ చూసిన ఆక్టియాన్ దుప్పి అయిపోయి, తను పెంచిన కుక్కల చేతిలోనే పోతాడు.

ఈ లెక్క కోర్టు దాకా వెళ్లిన సందర్భం కూడా మా పక్క జిల్లాలోనే జరిగింది. రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి కొండలున్నాయి. డోంగ్రియా కోందులు ఆ కొండని నియమరాజుగా కొలుస్తారు. పైన బాక్సైట్ ఉంది, తవ్వాలన్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ తవ్వకం వాళ్ల మతహక్కుకి అడ్డమో కాదో గ్రామసభలే తేల్చాలంది. ఆ వానాకాలంలో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. మొహం లేని దేవుడి తరఫున ఊరి మనుషులు లేచి నిలబడి చెప్పారు. ఇలాంటి ఘట్టాన్ని కల్పించడం ఏ ఆట రచయితకైనా కష్టం.

మన దేశంలోనూ ఇప్పుడు పురాణాల మీద ఆటలు తయారవుతున్నాయి. 2020లో పుణె వాళ్లు తీసిన రాజీ అలాంటిదే. రేపు ఎవరైనా సవరల మీదో కోందుల మీదో ఆట తీస్తారు, తియ్యాలి కూడా. తీసేవాళ్లు గిడుగువారిలా ముందు ఆ ఊళ్లో కూర్చుని మాట నేర్చుకుంటే బాగుండు. దేవుడికి ఎన్ని దెబ్బలు పడతాయన్నది కాక, కొత్త కంది ఎవరికి ముందు పెడతారన్నది అడిగితే బాగుండు.

సాయంత్రం కరెంటు పోయి వచ్చాక మేనల్లుడు ఆట మళ్లీ తెరిచాడు. ముసలాళ్ల పక్షమే తీసుకున్నాడు. అడవి కోసమేనా అని అడిగాను.

"అదీ ఉందనుకో మావయ్యా" అన్నాడు. "కానీ గుర్తు పడింది ఒక అమ్మాయికి. లేషెన్‌ని చంపాలంటే ఆ పిల్లని ఊళ్లోంచి పంపేయాలంట. ఆ పిల్ల ఏటి చేసింది?"