టైటాన్‌లో నీళ్లకి కాదు, కరెంటుకే కరువు

మొన్న అనంతపురంలో మిద్దె మీద పడుకొని మా అవ్వకి శనిగ్రహం చూపించి, దానికి టైటాన్ అని ఒక చందమామ ఉందవ్వా, ఆడ రాళ్లన్నీ గడ్డకట్టిన నీళ్లే అంటే, "అట్లయితే ఆడికే పోదాం పదరా, ఈడ ఎనిమిది వందల అడుగులు బోరేసినా తడి తగల్లేదు" అనింది. నిజంగానే ఒకడు పోయి ఆడ చిక్కుకుపోతే ఎట్లా బతుకుతాడా అని నిద్రపట్టక లెక్కలేశా.

గాలి ఒత్తిడి మన దగ్గరికంటే ఒకటిన్నర రెట్లు, కాబట్టి చంద్రుడి మీద లాగా సూట్‌కి చిన్న చిల్లు పడితే ప్రాణం పోదు, బాగా వెచ్చటి డ్రెస్సూ ఆక్సిజన్ మాస్కూ ఉంటే చాలు. 70 కిలోల మనిషి 10 కిలోలే తూగుతాడు, చేతులకి రెక్కలు కట్టుకుంటే ఎగరొచ్చు కూడా (ఎగిరి యాడికి పోతాడనేది వేరే సంగతి).

అసలు తంటా చలి. మైనస్ 179 డిగ్రీలు, పైగా చిక్కటి గాలి, తడి బట్టల్తో కూలర్ ముందు నిలబడినట్టు ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. మంట పెట్టుకుందామంటే మండే గ్యాసైన మీథేనే వానగా కురుస్తుంది, మీథేన్ చెరువులున్నాయి, కానీ ఆక్సిజన్ లేదు, స్టవ్ లైటర్ ఎంత నొక్కినా రవ్వ తప్ప మంట రాదు.

2005 జనవరి 14న హైగెన్స్ అనే అంతరిక్ష నౌక ఆడ దిగి పంపిన ఫోటోలో గుండ్రటి గులకరాళ్లు కనిపిస్తాయి, అచ్చం ఎండిపోయిన పెన్నలో రాళ్లలాగే, కాకపోతే అవి మంచు. ఆ రాయి కరిగించి కరెంటుతో విడగొడితే ఆక్సిజన్ వస్తుంది. మనిషికి రోజుకి దాదాపు 840 గ్రాములు కావాలి, దానికి లీటరు కంటే కాస్త తక్కువ నీళ్లు చాలు, కానీ కరెంటు తక్కువలో తక్కువ నాలుగు యూనిట్లు. సోలార్ ప్యానెల్ ఆడ దండగ, ఎండ భూమ్మీద పడేదాంట్లో నూరో వంతు కూడా నేలకి చేరదు. మార్స్ రోవర్‌లో పెట్టే ప్లుటోనియం బ్యాటరీ కొత్తదైనా 110 వాట్లు, అంటే రోజంతా నడిస్తే 2.6 యూనిట్లు. ఊపిరికే ఇట్లాంటి బ్యాటరీలు రెండు కావాలి. దాన్నుంచి ఊరికే పోయే రెండు కిలోవాట్ల వేడి మాత్రం బంగారం, రాళ్లు కరిగించడానికీ గుడారం వెచ్చబెట్టుకోడానికీ అదే దిక్కు.

కాపాడండి అని మెసేజ్ పెడితే భూమికి చేరడానికే గంట పైన పడుతుంది. మనుషుల సంగతి పక్కనపెట్టండి, నాసా డ్రాగన్‌ఫ్లై డ్రోన్ ప్లాన్ ప్రకారం 2028లో బయల్దేరినా ఆడికి చేరేది 2034లో. పొద్దున ఇదంతా అవ్వకి చెప్తే, "కరెంటు ఈడ కూడా పోతాది కదా" అని చెంబు తీసుకొని కిందికి దిగిపోయింది.